నాలుగో కొలతకు వేసిన మూత

పొడుగు, వెడల్పు, ఎత్తు. రేకుపెట్టెలు చేసేవాడికి ఈ మూడూ చెబితే చాలు, పెట్టె తయారైపోతుంది. నాలుగో కొలత గురించి నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడక్కపోయినా నేనే చెప్పేవాణ్ణి. మా దుకాణానికి జనం రావడం తగ్గడానికి చక్రాల సూట్‌కేసులు ఒక కారణమైతే, నా నాలుగో కొలత రెండో కారణమని మా ఆవిడ వీరవేణి అంటుంది.

సామర్లకోట స్టేషన్ రోడ్డులో మా దుకాణం. నేను ఏడో తరగతి సగంలో ఉండగా మా నాన్న బళ్ళోంచి లాక్కొచ్చి నా చేతిలో చెక్కసుత్తి పెట్టాడు. లెక్కల మేష్టారు అడ్డుపడతాడేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఆయన బోర్డు తుడుచుకుంటున్నాడు. ఆ తరవాత నేను నేర్చుకున్నదంతా రైల్లో ఎవరో వదిలేసిన పత్రికల్లోంచి, పొట్లాల కాగితాల్లోంచి నేర్చుకున్నదే. పెద్ద పెద్ద కాలేజీలకి నా ఆలోచనలు రాసి పంపాను. ఒక్కడంటే ఒక్కడు జవాబివ్వలేదు. చదువుకున్నవాళ్ళకి తపాలా బిళ్ళ అతికించే తీరిక కూడా ఉండదు కాబోలు.

నా ఆలోచన ఇదీ. ఆరు చదరాలు సిలువ ఆకారంలో కత్తిరించి మడిస్తే పెట్టె అవుతుంది. రేకు మీద పాకే చీమకి ఆ మడత ఎటు వెళ్ళిందో తెలీదు. దానికి ఎత్తు అనేదే తెలీదు కాబట్టి. అలాగే ఎనిమిది పెట్టెల్ని సిలువలా పేర్చి, మనకి తెలీని ఇంకో దిక్కులోకి మడిస్తే? అదీ ఒక పెట్టే. దాని ముందు మనం చీమలం.

"ఎనిమిదే ఎందుకు?" అన్నారు హైమవతి గారు.

ఆవిడ కాలేజీలో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. బియ్యం డబ్బా చేయించుకుందామని వచ్చి నాకు దొరికిపోయారు.

"అలా అనిపించిందండి," అన్నాను.

"అనిపిస్తే ఏడని కూడా అనిపించొచ్చు."

"గీతకి రెండు కొసలండి. చదరానికి నాలుగంచులు. పెట్టెకి ఆరు ముఖాలు. రెండేసి పెరుగుతున్నాయి కదా. తరవాత ఎనిమిదే కదండీ మరి!"

"పెరుగుతున్నాయని చూశారు. ఎందుకు పెరుగుతున్నాయో చెప్పండి."

"చూత్తే తెలుత్తందిగా మేడమ్ గారూ."

"చూస్తే తెలిసిపోయేదైతే నాకు ముప్ఫయ్యేళ్ళు జీతం ఎందుకిచ్చారు?"

లోపల బియ్యం ఏరుకుంటున్న వీరవేణి పకపకా నవ్వింది. "బాగా అడిగారమ్మా! ఇంకో రెండు తగిలించండి. నా మాటంటే ఎలాగూ ఇనడు."

"ఎనిమిది తప్పని నేననలేదు," అన్నారు హైమవతి గారు నా మొహం చూసి. "మీరు చేరిన చోటు సరైందే. కానీ మీరు నడిచి రాలేదు, గెంతి వచ్చారు. గెంతేవాళ్ళు ఒకసారి కాకపోతే ఒకసారి గోతిలో పడతారు."

నాకు ఒళ్ళు మండింది. నడవడానికి రోడ్డున్నవాళ్ళు చెప్పే మాటలివి. మాకు బడి గుమ్మం దగ్గరే రోడ్డు తవ్వేశారు, గెంతక ఏం చేస్తాం?

అయినా ఆవిడ వస్తూనే ఉన్నారు. నేను వాదిస్తూనే ఉన్నాను. ఆ రోజుల్లోనే తుక్కు దుకాణంలో ఆ రేకు నా కంటబడింది. మూతబడిన ఏదో ప్రయోగశాల సామానట. పావురం మెడలా మెరుస్తోంది. రెండు ముక్కలు టంకంతో మాటువేసి చూద్దును కదా, అది చల్లారుతుండగా మిగతా అంచులు వాటంతటవే ఒకదానివైపు ఒకటి వంగాయి. సుత్తితో వెనక్కి కొట్టాను. మళ్ళీ వంగాయి. పొద్దుతిరుగుడు పువ్వు ఎండని వెతుక్కున్నట్టు ఆ రేకు అంచు ఇంకో అంచుని వెతుక్కుంటోంది. నా రొట్టె విరిగి నేతిలో పడిందనుకున్నాను. దుకాణంలో ఉన్న పాత సామానంతా తుక్కువాడికి తోలి, ఆ రేకంతా తెచ్చేసుకున్నాను.

మనిషి పాకి దూరేటంత పెట్టెలు ఎనిమిది చేశాను. పెట్టెకీ పెట్టెకీ మధ్య నిండు రేకు కాకుండా, మధ్యలో పెద్ద కంత ఉన్న రేకు పెట్టాను, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోవడానికి. బయటికి తెరుచుకునే మూతులు రెండే: ముందొకటి, వెనకొకటి. మా పనిలో ప్రతి రేకుకీ నాలుగు మూలల్లో గుర్తు చుక్కలు కొడతాం. ఒక మూల ఒక చుక్క, తరవాత మూల రెండు, అలా నాలుగు దాకా. ఏ మూల ఏ మూలకి కలవాలో అవే చెబుతాయి. ఒక్క మూతకి మాత్రం వాటిని చూడం. మూతని బోర్లా పెట్టి అంచు కొట్టి, తరవాత వెల్లకిలా తిప్పి పెట్టె మీద బిగిస్తాం. అలా తిప్పితేనే అంచు బయటికొచ్చి వాన నీళ్ళు లోపలికి పోవు. తిప్పేసరికి మూలల చుక్కలు తారుమారవుతాయి. అయితేనేం, మూత అటైనా ఇటైనా మూతే కదా. మా తాత అలాగే చేశాడు, మా నాన్న అలాగే చేశాడు, నేనూ సిలువ మధ్యలో మూతగా పెట్టిన కంత రేకుని అలాగే తిప్పి బిగించాను.

చివరి మాటు పడింది. దుకాణంలో పెద్ద నిట్టూర్పులాంటి చప్పుడయింది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉన్న పెట్టెల సిలువ ముడుచుకుపోయింది. నేల మీద ఒకే ఒక్క పెట్టె మిగిలింది. ముందు మూతిలోంచి తొంగి చూస్తే మాత్రం లోపల పెట్టె వెనకాల పెట్టె, పెద్ద బోగీలా కనబడుతోంది.

"వేణీ! ఒసేవ్ వేణీ! చూడే!"

వీరవేణి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. పెట్టె చుట్టూ తిరిగింది. "మిగతా ఏడూ ఏయి?"

"లోపలున్నాయే!"

"ఇన్నాళ్ళ నించీ కొట్టి కొట్టి, ఎనిమిది పెట్టెల్ని ఒక పెట్టె చేశావా? అమ్ముకుంటే ఎనిమిదికీ ఎనిమిది గిరాకీలొచ్చేవి కదయ్యా."

ఈ దేశంలో శాస్త్రజ్ఞుడి బతుకు ఇలా ఉంటుంది. పట్టించుకోకుండా, గుమ్మం దగ్గరున్న ఆమె కుడికాలి చెప్పు తీసి లోపలికి విసిరాను. అది పక్కకి తగిలి గడగడా జారి వెనక మూతిలోంచి బయటపడింది. ఎంతో గర్వంగా తెచ్చి ఆమె కాళ్ళ ముందు పెట్టాను. వీరవేణి కాలు దూర్చబోయి ఆగిపోయింది.

"మావా, ఇది ఎడంకాలిది."

నిజమే. ఇప్పుడు రెండూ ఎడమకాలి చెప్పులే. ఆ చెప్పుకున్న చిన్న కుట్టు కూడా బొటనవేలి దగ్గర అలాగే ఉంది, అద్దంలో చూసినట్టు.

నాకు సంతోషంతో నోట మాట రాలేదు. ఆమెకి మాత్రం వచ్చింది. "మొన్ననే కుట్టించుకున్నాను! మళ్ళీ మామూలుగా చేసి ఇత్తావా లేదా?"

మళ్ళీ విసిరాను. ఈసారి లోపలెక్కడో పక్కకి తగులుకుని ఉండిపోయింది. "నువ్వుండు," అని వీరవేణి నన్ను నెట్టేసి, కొంగు దోపుకుని లోపలికి దూరింది. వద్దనే లోపే దూరేసింది. గాజుల చప్పుడు దూరమైంది, పక్కకి పోయింది, దగ్గరైంది. వెనక మూతిలోంచి పాకుతూ బయటికొచ్చి, చెప్పు వేసుకుని, రెండో చెప్పు కూడా వేసుకుని నిలబడింది.

"ఇదిగో, సరిపోయాయి!" అంది విజయంగా.

చెప్పులు సరిపోయాయి. పైట మాత్రం కుడి భుజం మీద ఉంది. ముక్కుపుడక రెండో వైపుకి పోయింది. చుబుకం మీద పుట్టుమచ్చ ఉండాల్సిన చోట లేదు.

"ఏంటలా చూత్తన్నావు?" అని వంటింట్లోకి వెళ్ళబోయి, నేరుగా వెళ్ళి గోడకి కొట్టుకుంది. నుదురు రుద్దుకుంటూ దుకాణమంతా చూసింది. "ఇల్లు తిరగేసి పెట్టావేంటి మావా?"

*

మొదట్లో నవ్వులాటగానే గడిచింది. వీరవేణికి ఊరంతా అద్దంలో ఊరు. మార్కెట్టుకని బయల్దేరి స్టేషన్‌లో తేలేది. బస్సు బోర్డులు చదవలేక, పక్కన నిలబడ్డవాళ్ళని అడిగి ఎక్కేది. మా పక్కింటివాళ్ళ గృహప్రవేశం భోజనాల్లో ఎడమచేత్తో పప్పు కలుపుకుంటుంటే పంతులు గారు విస్తరి వదిలేసి లేచిపోబోయాడు. "ఇది నా కుడిచెయ్యేనండి బాబూ," అని ఆమె ఒట్టేసింది. ఎవరు నమ్ముతారు?

రుచులు కూడా మారాయి. పుదీనా పచ్చడి వాసన చూసి, "ఇందులో షాజీరా ఎవరేశారు?" అంది. షాజీరా వేసిన పలావు పుదీనా వాసనేస్తోందంది. నేను ఆమె ముందు కూర్చుని దువ్వెన తీసుకుని పాపిడి సరిగ్గా తీద్దామని చూసేవాణ్ణి. ఎటు తీసినా తప్పుగానే ఉండేది. ఇంట్లో కొత్త మనిషి తిరుగుతున్నట్టుండి ఒక్కోసారి సిగ్గేసేది కూడా.

ఆ తరవాత ఆమె సన్నబడడం మొదలైంది. కడుపునిండా తింటోంది. నాకంటే ఎక్కువే తింటోంది. అయినా నడుం దగ్గర చీర జారిపోతోంది. బట్టల ట్రంకులో అడుక్కి పోయిన పెళ్ళినాటి జాకెట్టు తీసి తొడుక్కుని వీధంతా చూపించి వచ్చింది. దాంతో వీధిలో ఆడవాళ్ళంతా మా దుకాణం ముందు చేరారు. "అన్నయ్యగారూ, ఒక్కసారి మమ్మల్నీ ఆ పెట్టెలో దూరనివ్వండీ." నాలుగో కొలతకి ఇన్నాళ్ళకి గిరాకీ వచ్చిందని నేను పొంగిపోయాను. లోపలికి ఇద్దరేసి పడతారా అని ఆలోచిస్తుండగా, వీరవేణి కొళాయి దగ్గర బిందెతో సహా కూలిపోయింది.

డాక్టరు గారు గొట్టం ఎడమవైపు పెట్టి విన్నాడు. గొట్టం తీసి దులిపాడు. మళ్ళీ విన్నాడు. కుడివైపు పెట్టాక ఆయన మొహంలో ప్రాణమొచ్చింది. "గుండె కుడివైపుంది. కొందరికి పుట్టుకతోనే ఉంటుందిలెండి, భయం లేదు. కానీ ఈవిడకి తిండి పెట్టడం లేదా?" అని నా వంక చూశాడు. ఆ చూపు నేను మరిచిపోను. పెట్టిన అన్నం ఎక్కడికి పోతోందో నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

ఇంటికి రాగానే హైమవతి గారికి కబురు పెట్టాను. చదువుకున్నవాళ్ళ గుమ్మం తొక్కనని శపథం చేసినవాణ్ణే. ఆవిడే వచ్చారు కాబట్టి శపథం నిలబడింది.

అంతా విన్నాక ఆవిడ ఎవరో రసాయనశాస్త్రం చెప్పే స్నేహితురాలికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. ఫోన్ పెట్టేసి, వీరవేణి మంచం పక్కన కూర్చున్నారు.

"పంచదార, పప్పు, బియ్యం... వీటన్నిటిలో ఉండే అణువులకి కూడా కుడి ఎడమలుంటాయట. మన ఒంటికి ఒకవైపువే పనికొస్తాయి. మీ చెప్పుల్లాగే. మీరు అద్దంలో మనిషైపోయారు, తిండి మాత్రం మామూలుది. తింటున్నది చాలామటుకు ఒంట్లో ఎక్కడా కుదరట్లేదు."

"అంటే ఎంత తిన్నా..."

"ఎంత తిన్నా పస్తే."

వీరవేణి వదులైన గాజుల్ని మోచేతి దాకా తోసి చూసుకుంది. "జాకెట్టు పట్టిందని పండగ చేసుకున్నానమ్మా," అని నవ్వబోయింది. ఆ నవ్వు సగంలో ఆగిపోతే నేను లేచి దుకాణంలోకి వచ్చేశాను.

నాకు దారి తెలిసిపోయింది. మూత తిప్పి బిగించడం వల్లే ఇదంతా. పనిలో తప్పు జరిగితే పనివాడు ఏం చేస్తాడు? సరిచేస్తాడు. రేకు కత్తెర తీసుకుని మూత మాటు దగ్గర పెట్టాను.

"ఆగండి!"

హైమవతి గారు అంత గట్టిగా అరవగలరని నేననుకోలేదు. కత్తెర జారి నా కాలిమీద పడింది.

"ఏం చేస్తున్నారు?"

"తప్పు దిద్దుతున్నానండి. మూత సరిగ్గా బిగించి, ఆవిణ్ణి మళ్ళీ పంపిత్తాను."

ఆవిడ వంగి కింద పడున్న సన్నటి రేకు పేలిక తీసుకున్నారు. ఒక కొసని సగం మెలితిప్పి రెండో కొసకి ఆనించి పట్టుకున్నారు. "మాటు వెయ్యండి." వేశాను. దాని మీద ఒక కుడి అరచెయ్యి బొమ్మ, రేకు అవతలివైపుకి కూడా కనబడేలా మేకుతో చిల్లులు పొడిచి వేయించారు. పక్కనే చిన్న కాగితం మీద అలాంటి చెయ్యే కత్తిరించి, రేకు మీద ఆనించి, మెల్లగా చుట్టూ జరిపారు. ఒక చుట్టు తిరిగి బొమ్మ దగ్గరికొచ్చేసరికి బొటనవేలు ఎడమవైపుకి పోయింది. ఇంకో చుట్టు జరిపారు. సరిగ్గా బొమ్మ మీద కూర్చుంది.

"ఇప్పుడు ఈ మెలికని విప్పేసి మామూలు చుట్టు చేశామనుకోండి. అప్పుడు తిరగబడ్డ చేతిని ఎన్ని చుట్లు తిప్పితే సరవుతుంది?"

నేను ఆ రేకు వంక చూస్తూ నిలబడ్డాను. మామూలు చుట్టులో వందసార్లు తిప్పినా ఎడమచెయ్యి ఎడమచెయ్యే. వీరవేణిని తిప్పిన తప్పే ఆమెని మళ్ళీ తిప్పాలి. ఆ తప్పుని నేను ఇప్పుడే కత్తిరించి పారేయబోయాను. కత్తెర తీసి మూలకి విసిరేశాను. అక్కడే కూలబడ్డాను.

"అయితే అలాగే పంపేద్దాం, ఇప్పుడే," అన్నాను తేరుకుని. "ముందు నించి ఎల్లి వెనక తేలడమే కదండీ. చెప్పు మారింది, ఆవిడా మారింది."

"చెప్పు ఒకసారి మారింది. ప్రతిసారీ మారుతుందని మీకెవరు చెప్పారు?"

"మేడమ్ గారూ, లోపల మనిషి పస్తుంటే మీరు..."

"పస్తుంటోంది కాబట్టే అడుగుతున్నాను. ఈ పెట్టె ఇంకెన్నిసార్లు పనిచేస్తుంది?"

దానికి నా దగ్గర జవాబుంది, లోపలికి వినబడకుండా చెప్పాను. వీరవేణి పాకిన దగ్గర్నించీ పెట్టె మాట్లు టిక్ టిక్‌మంటూనే ఉన్నాయి. ఆమె బరువుకి కొన్ని చోట్ల టంకం నెర్రెలిచ్చింది. ఆ రేకు రెండోసారి వేడి చేస్తే పెంకులా విరిగిపోతోంది, ముక్క మీద చూశాను. తుక్కు దుకాణంలో ఇంక ఆ రేకు లేదు. ఒక్క మనిషి. అంతకు మించి అది ఓర్చుకోదు.

"అందుకే," అన్నారు ఆవిడ. "ఒక్క అవకాశానికి ఉదాహరణ చాలదు. నిరూపణ కావాలి. టార్చి తీసుకురండి. ప్రతి అతుకు దగ్గరా మూలల చుక్కలు ఎలా కలిశాయో చూద్దాం."

"తిప్పింది ఒక్క మూతేనండి. నాకు తెలుసు."

"చూద్దాం."

టార్చి తెచ్చాను. ఒక మూల కంటికి ఆనకపోతే కర్రకి అద్దం కట్టి లోపల పెట్టాను. "అద్దం కూడా తిప్పేస్తుందండోయ్, దాన్నీ లెక్కలో వెయ్యాలి," అని ఆవిడ గుర్తుచేశారు. ఆ రోజు కుడి ఎడమలంటే నాకు పుట్టిన విరక్తి అంతా ఇంతా కాదు. ఒక్కొక్క అతుకే చూస్తూ పోతే ముందువైపు పెట్టెలన్నీ, మూత దగ్గర తప్ప, చుక్కకి చుక్క కలిసే ఉన్నాయి. నేను చెప్పలేదా అన్నట్టు ఆవిడ వంక చూస్తూనే ఉన్నాను. వెనకవైపు, నేలకి ఆనే పెట్టె దగ్గర చుక్కలు తారుమారుగా ఉన్నాయి.

ట్రంకుపెట్టెకి కాళ్ళుంటాయి. బియ్యం డబ్బాకి ఉండవు, నేల మీద కూర్చుంటుంది. అందుకని తడి ఎక్కకుండా డబ్బా అడుగుని కూడా మూతలాగే తిప్పి బిగిస్తాం. ఆ పెట్టె నేలకి ఆనుతుందని నా చేతులు నన్నడక్కుండానే డబ్బా అడుగు వేసేశాయి.

"రెండు," అన్నారు హైమవతి గారు. "తిప్పినవి రెండు." సుద్దముక్కతో నేల మీద దారి గీశారు. ముందు మూతి నుంచి మూత దాకా ఒకటే దారి. మూత దాటాక రెండుగా చీలుతుంది. నేరుగా పోతే అడుగు రేకులోంచి పోవాలి. పక్క పెట్టెలోంచి పోతే ఇంక తిప్పిన రేకు లేదు. రెండూ వెనక మూతి దగ్గర కలుస్తాయి. "నేరుగా పాకితే రెండుసార్లు తిరుగుతుంది. వెళ్ళినట్టే వస్తుంది. పెట్టె మాత్రం మిగలదు."

నేను వీరవేణిని పంపబోయింది ఆ నేరు దారినే.

"మొదటిసారి ఎటు పోయారో గుర్తుందా అమ్మా?" ఆవిడ గుమ్మం వైపు తిరిగి అడిగారు. వీరవేణి ఎప్పుడొచ్చిందో, గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"ఎడమకి తిరిగినట్టు గురుతమ్మా. అయితే అప్పటి నా ఎడమా, ఇప్పటి నా ఎడమా, మీ ఎడమా?"

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వేశాం. మంచం పట్టిన మనిషి నవ్వుతుంటే ఎముకలు కనబడ్డాయి.

"ఎడమ మాట మరిచిపోండి," అన్నారు హైమవతి గారు. "నేరు దారి మూసేద్దాం."

నేను వెదురు గెడతో గోనెసంచులు లోపలికి తోసి, అడుగు రేకు కంతలో కూరాను. ఇంక పక్క దారి ఒక్కటే మిగిలింది. వీరవేణి చెంగు దోపుకుంటుందనుకుంటే, వచ్చి నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఆవిడకి తెలిసింది, సరే. నీకు తెలిసిందా?"

"తెలిసిందే."

"అయితే నువ్వు చెప్పు. ఇన్నేళ్ళూ నాకు నాలుగో కొలత చెప్పావు, ఒక్కసారైనా అరతమయ్యేలా చెప్పావా? ఇవాళ చెప్పు. నువ్వు చెబితేనే దూరతాను."

హైమవతి గారి వైపు చూశాను. ఆవిడ కావాలనే కిటికీలోంచి రోడ్డు చూస్తున్నారు.

"మూత దగ్గర ఒకసారి తిరగబడతావు," అన్నాను. "ఇప్పుడు తిరగబడి ఉన్నావు కదా, ఇంకోసారి తిరగబడితే మామూలే."

"మద్దెలో బయమేసి ఎనక్కొచ్చేత్తే?"

"మూత దాటి, మళ్ళీ దాటి వెనక్కొస్తే రెండుసార్లు. తిరగనట్టే. ఎలా ఎల్లావో అలాగే వస్తావు."

"చీకట్లో తెలీక అటూ ఇటూ నాలుగుసార్లు పాకితే? ఎన్నిసార్లు దాటానో నాకేం తెలుసు?"

సుద్దతో గీసిన దారి వంక చూశాను. దీనికి హైమవతి గారు నాకేమీ చెప్పలేదు. ఎప్పటిలా 'ఏం కాదులే' అనేద్దామనుకున్నాను. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. ఆమె మోచేతి ఎముక చూసి మింగేశాను.

దూరంగా రైలు గేటు పడుతున్న గంట మోగింది. కళ్ళు మూసుకుని ఆలోచించాను.

"ఇటు చూడు. మన దుకాణం రైలు గేటుకి ఇటుపక్క. మార్కెట్టు అటుపక్క. దాటడానికి ఆ గేటొక్కటే ఉందనుకో. నువ్వు ఇక్కడ బయల్దేరావు. ఒకసారి దాటితే అటున్నావు. రెండోసారి దాటితే ఇటొచ్చేశావు. మూడోసారి అటు. ఒకటి, మూడు, అయిదు, ఇలా దాటినప్పుడే అటుపక్క ఉంటావు. ఎన్నిసార్లు మరిచిపోయి ఎనక్కొచ్చినా, ఎంత తిరిగినా, చివరికి మార్కెట్టులో తేలావంటే బేసిసార్లే దాటావు. వేరేలా కుదరదు. ముందు మూతి మూతకి ఇటుపక్క, వెనక మూతి అటుపక్క. వెనక మూతిలోంచి వచ్చావంటే తిరగబడే వచ్చావు. నువ్వు లెక్క పెట్టక్కర్లేదు."

వీరవేణి చూపుడువేలు గాలిలో అటూ ఇటూ గేటు దాటిస్తూ కాసేపు కూర్చుంది. "గేటు కాక ఇంకో దారుంటే?"

"ఉంది. దాంట్లో గోనెసంచులు కూరాను."

"ఊఁ," అంది. "ఇది బాగుంది."

"నేనింకా చెప్పలేదు ఇది," అన్నారు హైమవతి గారు, కిటికీ దగ్గర్నుంచి తిరగకుండానే. "నిరూపణ అంటే ఇదే, నూకరాజు గారూ."

వీరవేణి లేచి పెట్టెలోకి దూరింది.

నిరూపణ పూర్తయ్యాక భయం ఉండకూడదు. కానీ నా చేతులకి ఆ సంగతి తెలీదు, వెనక మూతి అంచుని పట్టుకుని వదల్లేదు. గాజుల చప్పుడు లోపలికి పోయింది. ఆగింది. వెనక్కొచ్చినట్టుంది. మాట్లు పటపటమన్నాయి. నేను లోలోపల గేటు ఎత్తుతూ దించుతూ ఉన్నాను. మళ్ళీ లోపలికి పోయింది, పక్కకి పోయింది. పెట్టె గోడ ఒకటి కిర్రుమని సాగింది. హైమవతి గారు నా భుజం పట్టుకున్నారు, గట్టిగానే.

వెనక మూతిలోంచి చెయ్యి వచ్చింది. అందుకుని లాగుదామని నా కుడిచెయ్యి చాచాను. ఇన్నాళ్ళూ ఆమె చెయ్యి చాస్తే, అద్దంలో మనిషి చాచినట్టు నా చేతికి సూటిగా ఎదురొచ్చేది. ఇప్పుడు అడ్డంగా వచ్చి నా చేతిలో పడింది. కుడిచేతిలో కుడిచెయ్యి.

"లాగు మావా, బిగుసుకుపోయి చూత్తావేంటి!"

లాగాను. పైట ఎడమ భుజం మీద ఉంది. పుట్టుమచ్చ ఇంటికొచ్చింది. వెనకాల పెట్టె ఒక్కసారి గాలి పీల్చినట్టయి, మాట్లన్నీ విడిపోయి, గోనెసంచులతో సహా పలకలు పలకలుగా నేలమీద పరుచుకుంది. తనంతట తాను వంగని మామూలు తుక్కు రేకు.

"మేడమ్ గారూ, చూశారా! చూశారా!" అని నేను గెంతుతున్నాను.

"నిరూపణ ముందే అయిపోయింది," అన్నారు హైమవతి గారు. "ఇది ఊరికే చూడ్డానికి." అంటూనే కళ్ళద్దాలు తీసి, చీర చెంగుతో చాలాసేపు తుడుచుకున్నారు. అద్దాల్ని కాదు.

వీరవేణి ఆ రేకుల మధ్యే కూలబడి మా ఇద్దర్నీ చూసింది.

"మీ లెక్కలు తరవాత చూసుకుందురు గానీ, ఎవరైనా అన్నం పెడతారా? ఈసారి అరుగుతాదిగా!"